ఏళ్లుగా కదలని పాత డీజిల్ లారీ: మొదటిసారి స్టార్ట్ చేసేముందు

1969 వరకు మెర్సిడెస్ చిహ్నంతో వచ్చిన టాటా లారీల్లాంటి బండిని చలికాలం ప్రదర్శనకు సిద్ధం చేస్తుంటే, సెల్ఫ్ కొట్టేముందు ఇవి చూడండి.

డీజిల్ పంపు ర్యాక్ (ఇంజన్‌కు వెళ్లే డీజిల్‌ను పెంచి తగ్గించే కడ్డీ): పంపు పక్క మూత విప్పి వేలితో నెట్టండి, తేలిగ్గా కదలాలి. ఫుల్ డీజిల్ దగ్గర పట్టేస్తే ఇంజన్ వేగం చేయి దాటిపోతుంది, తాళం తీసినా ఆగదు. వాక్యూమ్ గవర్నర్ (గాలి పీల్పుతో ఇంజన్ వేగాన్ని అదుపుచేసేది) ఉంటే, దానిలోని డయాఫ్రం అనే పల్చటి పొర చిరిగినా ఇదే గతి. అప్పుడు గాలి మూసి ఇంజన్ ఆపడానికి, గాలి గొట్టం మూతికి సరిపడే చెక్క పలక పట్టుకుని ఒక మనిషి నిలబడాల్సిందే. అరచెయ్యి అడ్డం పెట్టొద్దు.

ఎయిర్ క్లీనర్ ఆయిల్ (గాలిలో దుమ్ము పట్టడానికి క్లీనర్ గిన్నెలో పోసేది): గీత దాటి పోయొద్దు. ఎక్కువైన ఆయిల్‌ను ఇంజన్ పీల్చుకుని, డీజిల్ కట్ చేసినా దాంతోనే పరుగెడుతుంది.

సిలిండర్లలో నీరు: నాజిళ్లన్నీ (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి ఇంజన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. నీరుంటే పైకి చిమ్ముతుంది. చూడకుండా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తిరగకపోతే బలవంతం వద్దు, మళ్లీ ఆయిల్ వేసి ఆగండి.

వాల్వులు: తిప్పేటప్పుడే రాకర్ కవర్ (వాల్వుల పైమూత) తీసి చూడండి. కిందికి వెళ్లి పైకి రాని వాల్వు, దాన్ని నడిపే పుష్‌రాడ్ అనే కడ్డీని వంచొచ్చు.

ఆయిల్ ప్రెషర్: నాజిళ్లు బిగించకముందే, పది సెకన్ల చొప్పున సెల్ఫ్ తిప్పి గేజి ముల్లు లేచేదాకా చూడండి. బేరింగులు పొడిగా తిరిగితే గీతలు పడతాయి.

టైర్లు: లాక్ రింగు (టైరును చక్రానికి పట్టి ఉంచే ఇనుప రింగు) తుప్పు పట్టిన చక్రానికి బండి మీద గాలి కొట్టొద్దు. రింగు ఎగిరితే ప్రాణం పోతుంది.

బ్రేకుల్ని నమ్మొద్దు, చక్రాలకు రెండువైపులా దిమ్మెలు పెట్టండి.