నవలని స్క్రీన్‌ప్లేగా రాయాలంటే ముందు పుస్తకం మూసేయండి

నవల బాగా నచ్చి దాన్ని సినిమాగా రాద్దామని కూర్చునేవాళ్లు ఎక్కువమంది చేసేది ఒకటే, పుస్తకం పక్కన తెరిచి పెట్టుకుని మొదటి పేజీ నుంచి వరసగా సీన్లు రాసుకుంటూ పోవడం. నేనూ అలాగే మొదలుపెట్టాను. 110 పేజీలు రాశాక చూస్తే కథ ఇంకా సగంలోనే ఉంది. స్క్రిప్టులో పేజీకి సుమారు ఒక నిమిషం లెక్క, అంటే ఇంటర్వెల్ దాకా రావడానికే రెండు గంటలు పట్టేలా ఉంది.

అందుకే, నవల రెండుసార్లు చదివి మూసేయండి, ఒక వారం దాని జోలికి వెళ్లకండి. తర్వాత ఒక ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి, గుర్తున్నంతవరకు కథ చెప్పి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. చెప్పకుండా వదిలేసినవి చాలావరకు సినిమాకి అక్కర్లేదు, చెప్తూ చెప్తూ మీ గొంతు మారిన చోట్లే ముఖ్యమైన సీన్లు. వాటితో వన్‌లైన్ ఆర్డర్, అంటే సీన్ల వరస జాబితా, వేసుకోండి, సీనుకి ఒక్క వాక్యం చాలు. డైలాగులు ఇప్పుడే వద్దు.

అసలు కష్టం పాత్రల మనసులో మాటల దగ్గర వస్తుంది. 'ఆ ఇంట్లో తనకి చోటు లేదని శారదకి ఆ రోజు తెలిసింది' అని నవలలో రాస్తే సరిపోతుంది, కెమెరాకి ఆ వాక్యం కనపడదు. వాయిస్ ఓవర్‌లో, అంటే తెర వెనక గొంతుతో, చెప్పించేద్దాం అనిపిస్తుంది, దయచేసి వద్దు. ఇలా రాసి చూడండి:

ఇంటి లోపల – హాలు – రాత్రి
ఇంట్లో ఉన్నది ఐదుగురు. కింద నాలుగు కంచాలే వేసి ఉన్నాయి. అత్త వడ్డిస్తోంది. శారద వచ్చి నిలబడుతుంది, ఎవరూ జరగరు.
అత్త: ఆ నెయ్యి గిన్నె ఇలా అందుకో అమ్మాయ్.
శారద కంచాల వైపు చూస్తూ గిన్నె అందిస్తుంది.

ఇంతే సీను. అత్త గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంటుంది. కంచాలు ఎన్నో ప్రేక్షకుడే లెక్కపెట్టుకుంటాడు.

ప్రాక్టీసుకి సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం' తీసుకోండి. కరువులో గొర్రెల్ని నల్లమలకి తోలుకెళ్లే కాపరుల కథ, 2021లో క్రిష్ సినిమాగా తీశారు. ముందు నవల చదివి, మీ వన్‌లైన్ మీరు రాసుకున్నాకే సినిమా చూడండి. మీరు ఉంచింది వాళ్లెందుకు తీసేశారు, లేనిది ఎందుకు కలిపారు అని సీను సీనుకీ ఆగి రాసుకుంటే చాలా నేర్చుకుంటారు.

హక్కుల సంగతి మర్చిపోవద్దు. రచయిత పోయాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1958లో పోయారు కాబట్టి 'మాలపల్లి'ని ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చు. మిగతావాటికి, ఇంట్లో రాసుకోవడం వేరు, నిర్మాతకి వినిపించడం వేరు, ఆ రెండోదానికి ముందే రచయిత దగ్గరో వారసుల దగ్గరో రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఎన్నేళ్లకి, ఏ భాషలకి, వెబ్ సిరీస్‌కి కూడానా అన్నవి ఆ కాగితంలోనే ఉండాలి.