స్ప్రింటా, ఒలింపిక్కా, సెవెంటీ పాయింట్ త్రీనా?

రెండు మూడు హాఫ్ మారథాన్‌లు పూర్తి చేసి కొత్తగా సైకిల్ కొన్నవాళ్ల చూపు ముందుగా గోవా 70.3 అనే ట్రయథ్లాన్ మీద, అంటే ఈత, సైకిల్, పరుగు వరుసగా ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ మీద పడుతుంది. 2019లో మిరామార్ బీచ్‌లో మొదలైన పోటీ. మనకు దగ్గర, పైగా మెడలో ఐరన్‌మ్యాన్ (పేరున్న ట్రయథ్లాన్ సంస్థ) పతకం. ‘21 కిలోమీటర్లు ఎలాగూ పరిగెత్తుతున్నాం కదా’ అనుకుని ఫీజు కట్టేస్తారు. అక్కడే లెక్క తప్పుతుంది. దూరం ఎంచుకునేటప్పుడు చూడాల్సింది మీకు బాగా వచ్చినదాన్ని కాదు, సరిగా రానిదాన్ని. దాని తర్వాత వారంలో మీకు నిజంగా మిగిలే గంటల్ని.

ఈత, సైకిల్, పరుగు వరుసలో దూరాలివి:

స్ప్రింట్: 750 మీటర్లు, 20 కి.మీ., 5 కి.మీ.
ఒలింపిక్: 1,500 మీటర్లు, 40 కి.మీ., 10 కి.మీ.
70.3: 1.9 కి.మీ., 90 కి.మీ., 21.1 కి.మీ. (మొత్తం 70.3 మైళ్లు, అందుకే ఆ పేరు)
ఫుల్: 3.8 కి.మీ., 180 కి.మీ., 42.2 కి.మీ.

స్ప్రింట్ నుంచి ఒలింపిక్‌కి వెళ్తే మూడూ సరిగ్గా రెట్టింపవుతాయి. ఒలింపిక్ నుంచి 70.3కి వెళ్తే ఈత 400 మీటర్లే పెరుగుతుంది, సైకిల్ మాత్రం 40 నుంచి ఏకంగా 90కి పోతుంది. అంటే ఈత అంతంతమాత్రం వచ్చినవాళ్లకు అసలు అడ్డం స్ప్రింట్‌కీ ఒలింపిక్‌కీ మధ్యనే ఉంది. అది దాటాక ఎదురయ్యేది సీటు మీద నాలుగు గంటలు కూర్చోగలరా అన్న ప్రశ్న.

మన దగ్గర చాలామంది ఈత పెద్దయ్యాకే నేర్చుకుంటారు కాబట్టి ముందు దాని సంగతే తేల్చుకోవాలి. 25 మీటర్ల పూల్‌లో 30 లెంగ్త్‌లు, గోడ పట్టుకుని ఆగకుండా ఈదండి. టైమ్ చూడొద్దు. ఆయాసం లేకుండా ముగిస్తే స్ప్రింట్‌కి పేరు ఇవ్వొచ్చు. అపార్ట్‌మెంట్‌లోని 12 మీటర్ల పూల్‌లో చేసిన లెక్కను నమ్మకండి. గోడను తన్నిన ప్రతిసారీ కొన్ని మీటర్లు ఊరికే వస్తాయి, మలుపులో ఊపిరీ దొరుకుతుంది. సముద్రంలో ఆ రెండూ ఉండవు.

ఒలింపిక్‌కి ఇంకాస్త కచ్చితమైన కొలత కావాలి. బాగా వార్మప్ చేసి 400 మీటర్లు గట్టిగా ఈదండి, పది నిమిషాలు విశ్రాంతి తీసుకుని 200 మీటర్లు ఈదండి. రెండు టైముల తేడాను సగం చేస్తే, మీరు చాలాసేపు నిలబెట్టుకోగల వేగం తెలుస్తుంది. 400కి 10 నిమిషాలు, 200కి 4 నిమిషాల 40 సెకన్లు పట్టాయనుకుందాం. తేడా 5:20, సగం 2:40. అంటే వంద మీటర్లకు 2:40, 1,500 మీటర్లకు సుమారు 40 నిమిషాలు. ఇది చాలు. వందకు 3:20 దాటుతుంటే ఇంకో సీజన్ స్ప్రింట్‌లోనే ఉండి, వారానికి మూడుసార్లు పూల్‌కి వెళ్లండి. అలాంటప్పుడు ఎక్కువ దూరం ఈదడం కన్నా కాళ్లు మునిగిపోకుండా చూసుకోవడం మీదే టైమ్ పెట్టాలి.

పూల్‌లో 1,500 చేసినవాళ్లు కూడా సముద్రంలో 200 మీటర్లకే ఆగిపోతుంటారు. కారణం బలం చాలకపోవడం కాదు. గుంపులో దిగగానే ఊపిరి పైపైన ఆడుతుంది, అడుగున గీత కనపడదు, దిక్కు తప్పుతుంది. ప్రతి ఆరు నుంచి ఎనిమిది స్ట్రోక్‌లకోసారి తల కొద్దిగా ఎత్తి బోయా (దారి చూపడానికి నీటిపై తేలే గుర్తు) చూడడం పూల్‌లోనే అలవాటు చేసుకోండి. మొదటి వంద మీటర్లు కావాలనే మెల్లగా వెళ్లండి. కంగారు పుడితే వెల్లకిలా తిరిగి తేలండి. పక్కన ఉండే కయాక్ (సహాయకుల చిన్న పడవ) పట్టుకుని ఆగినా, దాని సాయంతో ముందుకు జరగనంతవరకు సాధారణంగా అనర్హత వేటు పడదు. విశాఖ ఆర్కే బీచ్‌లో మాత్రం ప్రాక్టీస్ పేరుతో ఒంటరిగా దిగొద్దు, అక్కడ లోపలికి లాగే ప్రవాహం ప్రాణాలు తీస్తుంది.

ఇక గంటలు. స్ప్రింట్‌కి వారానికి 4 నుంచి 6 గంటల చొప్పున 12 వారాలు, ఒలింపిక్‌కి 6 నుంచి 8 గంటల చొప్పున 16 వారాలు సరిపోతాయి. 70.3కి 8 నుంచి 12 గంటలు, కనీసం 20 వారాలు. అందులోనూ ప్రతి ఆదివారం నాలుగైదు గంటలు సైకిల్‌కే పోతాయి. ఇంట్లో చిన్నపిల్లలుండి, ఆఫీసులో రాత్రి కాల్స్ ఉన్నవాళ్లు ఈ అంకెను ఇంట్లోవాళ్లతో కలిసి చూడడం మంచిది. హైదరాబాద్‌లో అయితే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ ఎండ వేళలో అక్కరకొస్తుంది.

70.3లో కటాఫ్‌లు (దాటితే పోటీ నుంచి తప్పించే గడువులు) సాధారణంగా ఈతకు 1:10, సైకిల్ ముగిసేసరికి 5:30, మొత్తం 8:30 గంటలు. ఒక ఉదాహరణ చూద్దాం: ఈత 54 నిమిషాలు, గంటకు 24 కిలోమీటర్ల చొప్పున సైకిల్ 3:45 గంటలు, కిలోమీటరుకు 7:45 నిమిషాల చొప్పున పరుగు 2:43 గంటలు, బట్టలూ బూట్లూ మార్చుకోవడానికి 12 నిమిషాలు. మొత్తం 7:34. గంట మిగిలినట్టే ఉంటుంది. ఎదురుగాలికి సైకిల్ వేగం 20కి పడిపోతే ఒక్కసారిగా 45 నిమిషాలు పోతాయి. పైగా ఉక్కపోతలో 90 కిలోమీటర్లు తొక్కిన కాళ్లు టాంక్‌బండ్ మీద తెల్లవారుజామున పరిగెత్తే కాళ్లలా ఉండవు.

తిండి కూడా దూరాన్ని బట్టే మారుతుంది. స్ప్రింట్‌లో నీళ్లతో గడిచిపోతుంది. ఒలింపిక్‌లో గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్, 70.3లో 60 నుంచి 90 గ్రాములు లోపలికి వెళ్లాలి. ఒక మామూలు అరటిపండులో ఉండేది సుమారు 25 గ్రాములు. లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే. అది ఉప్పుకోసం, శక్తికోసం కాదు. ఓఆర్ఎస్ ఒక్కటే తాగి 70.3 లాగేద్దామనుకున్నవాళ్లు పరుగులో ఎనిమిదో కిలోమీటరుకి నడక మొదలుపెడతారు. పొట్టకూ సాధన కావాలి. రేసులో తినబోయేదాన్ని ఆదివారం రైడ్‌లోనే తిని చూడండి.

సైకిల్ సంగతి క్లుప్తంగా: స్ప్రింట్‌కి హైబ్రిడ్ (నిటారు హ్యాండిల్ ఉన్న మామూలు సైకిల్) చాలు, హెల్మెట్ తప్పనిసరి. ఒలింపిక్ నుంచి రోడ్ బైక్ ఉంటే మేలు. డబ్బు మిగిలితే ఖరీదైన చక్రాల కన్నా ముందు బైక్ ఫిట్టింగ్‌కి, అంటే సీటు, హ్యాండిల్ మీ ఒంటికి సరిపడేలా అమర్చుకోవడానికి పెట్టండి. రెండు గంటలకే చేతులు తిమ్మిరెక్కే సైకిల్ మీద 90 కిలోమీటర్లు శిక్షే. పంక్చర్ వేయడం ఇంట్లోనే నేర్చుకోండి.

ఫుల్ గురించి మొదటి రెండేళ్లు ఆలోచించక్కర్లేదు. మొదటి సీజన్‌లో రెండు స్ప్రింట్‌లు చేయండి. మొదటిది పూర్తి చేయడానికి, రెండోది గట్టిగా పోటీపడడానికి. స్ప్రింట్ అంటే పిల్లల ఆట అని తీసిపారేసేవాళ్లు గంటన్నర సేపు ఊపిరి అందని వేగంతో ఎప్పుడూ పోటీపడి ఉండరు. రెండో సీజన్‌లో ఒలింపిక్. 2000 సిడ్నీలో ఈ ఆట ఒలింపిక్స్‌లోకి వచ్చింది ఆ దూరంతోనే. ఆ పోటీని, సైకిల్ దిగగానే నడవకుండా పరిగెత్తి ముగించగలిగితే అప్పుడు 70.3 ఫీజు కట్టండి. ఈత ఇంకా పట్టుబడకపోతే ఆ ఏడాది ఈత లేని డ్యుయథ్లాన్‌కి వెళ్లండి. స్ప్రింట్ డ్యుయథ్లాన్‌లో 5 కి.మీ. పరుగు, 20 కి.మీ. సైకిల్, మళ్లీ 2.5 కి.మీ. పరుగు. సైకిల్ దిగి పరిగెత్తడం అక్కడ అలవాటవుతుంది, పూల్‌లో పని దానిపాటికి అది సాగుతుంది.