పాత ల్యాప్‌టాప్ పక్కన పడేసే ముందు ఒక్కసారి డిస్కు మార్చి చూడండి

"నలభై వేలలో మంచి ల్యాప్‌టాప్ ఏదైనా చెప్పన్నా" అని ఎవరడిగినా నేను ఎదురడిగేది ఒక్కటే: ఇంట్లో ఉన్నదాంట్లో హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా? పళ్ళెం తిరిగే పాత రకం హార్డ్ డిస్కు, తిరిగే భాగాలు లేని వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ. మొదటిదైతే దాన్ని తీసి రెండోది పెట్టి చూడమంటాను. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడంటే ప్రింటరు నుంచి గీజరు దాకా అన్నీ తెలుసనుకునే చుట్టాలు నాకు బోలెడుమంది. నిజానికి నేను చేసేది ప్రొడక్షన్ సపోర్ట్. అర్ధరాత్రి అలర్ట్ వస్తే లేచి లాగ్స్ చూసి, లోపం ఎవరి టీమ్ దగ్గరుందో తేల్చి, వాళ్ళని కూడా నిద్రలేపే ఉద్యోగం. స్క్రూడ్రైవర్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు. కాకపోతే అక్కడ అలవాటైన పద్ధతే ఇక్కడా పనికొస్తుంది: ఎక్కడ ఆగుతోందో కొలిచి చూశాకే చెయ్యి పెట్టాలి.

కొలవడం తేలికే. మెషీన్ ఆన్ చేసి, డెస్క్‌టాప్ కనపడగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి. సీపీయూ, అంటే ప్రాసెసర్, పదీ ఇరవై శాతం దగ్గర తీరిగ్గా ఉండి, డిస్కు మాత్రం నూరు శాతం దగ్గర అతుక్కుపోయి ఉంటే ఈ గైడు మీ కోసమే. డిస్కు పేరు కింద హెచ్‌డీడీ (హార్డ్ డిస్కు) అనో ఎస్‌ఎస్‌డీ అనో అక్కడే రాసి ఉంటుంది. మెమరీ తొంభై దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదని. సీపీయూనే నూరు కొడుతూ ఫ్యాన్ రొద పెడుతుంటే ముందు దుమ్ము దులిపించండి, తర్వాత మాట్లాడుకుందాం. ఇప్పటికే ఎస్‌ఎస్‌డీ ఉండి కూడా నత్తనడకే అయితే డిస్కు మార్చి లాభం లేదు.

హార్డ్ డిస్కు ఎందుకంత నెమ్మదో ఒక్క లెక్కతో తెలిసిపోతుంది. పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్కు. అంటే సెకనుకి 90 చుట్లు. మనకి కావలసిన ముక్క, దాన్ని చదివే హెడ్డు కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే అయిదున్నర మిల్లీసెకన్లు పడుతుంది. హెడ్డు సరైన గాడి మీదికి జరగడానికి ఇంకో పది పన్నెండు. అటూ ఇటూ చెదిరి ఉన్న చిన్న చిన్న ఫైళ్ళయితే సెకనుకి అరవై డెబ్భై చదివితే గొప్ప. విండోస్ లేచేటప్పుడు చదివేవి వేలల్లో ఉంటాయి. వాటికి తోడు యాంటీవైరస్, అప్‌డేట్, క్రోమ్ ఒకేసారి ఎగబడితే హెడ్డు పాపం ఎటని పరిగెడుతుంది? ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. చవకరకం సాటా (పాత హార్డ్ డిస్కులు వాడే కనెక్టరే) ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకి ఇలాంటివి వేలకొద్దీ చదివేస్తుంది. ప్రాసెసర్ ముసలిది కాలేదు, ఇన్నాళ్ళూ డిస్కు కోసం ఎదురుచూస్తూ కూర్చుందంతే.

ఒక మాట. ఇదంతా మీ సొంత మెషీన్‌కే. ఆఫీసు ల్యాప్‌టాప్ ఎంత ఏడిపించినా దాని స్క్రూ ముట్టుకోకండి. ఐటీ వాళ్ళకి టికెట్ వేసి, వాళ్ళు "రీస్టార్ట్ చేసి చూడండి" అని టికెట్ మూసేస్తే, మళ్ళీ తెరవండి.

ఇక కొనడం. మోడల్ నంబరుతో వెతికి రెండు విషయాలు తెలుసుకోండి. లోపల 2.5 అంగుళాల సాటా డిస్కు మాత్రమే పడుతుందా, సన్నటి పట్టీలా ఉండే ఎస్‌ఎస్‌డీ గుచ్చే ఎం.2 స్లాట్ కూడా ఉందా? ఎం.2 ఉంటే అది సాటాదా, అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈదా? రెండూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి గానీ ఒకదాని చోట ఇంకోటి పనిచేయకపోవచ్చు. అనుమానంగా ఉంటే 2.5 అంగుళాల సాటా, 7 మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకోండి. పాత డిస్కు చోట అది కూర్చుంటుంది. 256 జీబీ చాలామందికి సరిపోతుంది. హైదరాబాద్‌లో ఉంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీకి వెళ్ళండి. మొదటి షాపులో ధర కనుక్కుని, మూడో షాపులో బేరమాడి, వారంటీ ఎన్నేళ్ళో బిల్లు మీద రాయించుకోండి. ఆన్‌లైన్‌లో పదిహేను వందలకి రెండు టీబీ అని కనపడితే అటు చూడకండి. ఆ డబ్బాలు విప్పితే లోపల మెమరీ కార్డు అతికించి ఉన్న సందర్భాలు చాలానే బయటపడ్డాయి.

ర్యామ్ మాత్రం తొందరపడి కొనొద్దు. ఏఐ డేటా సెంటర్ల దెబ్బకి 2025 చివర్లో మెమరీ ధరలు ఎగబాకాయి. ఎనిమిది జీబీ ఉంటే అలాగే వదిలేయండి. నాలుగే ఉండి స్లాట్ ఖాళీగా ఉంటే ఇంకో నాలుగు వేయించండి. అది కూడా మీ ర్యామ్ రకం డీడీఆర్3ఎల్లా, డీడీఆర్4ఆ చూసుకుని. ఒకదాని చోట ఇంకోటి అసలు దూరదు.

విప్పే ముందు బ్యాకప్. "డి డ్రైవ్‌లో పెట్టాను, ఏం కాదులే" అనే మాట నేను విన్నన్నిసార్లు ఇంకేదీ వినలేదు. చాలా ల్యాప్‌టాప్‌లలో సీ, డీ ఒకే డిస్కులో రెండు గదులు. డిస్కు పోతే రెండూ పోతాయి. పెళ్ళి ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, ఫారం 16లు వేరే పెన్‌డ్రైవ్‌లోకో హార్డ్ డిస్కులోకో తీసుకోండి. డిస్కుకి తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే ఆ 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. అది లేకపోతే బయటికి తీసిన పాత డిస్కు తర్వాత మీకే తెరుచుకోదు.

ఇప్పుడు అసలు పని. ఛార్జర్ పీకేయండి. బల్ల మీద దుప్పటి పరిచి ల్యాప్‌టాప్‌ని బోర్లించండి. పీహెచ్0 సైజు స్టార్ స్క్రూడ్రైవర్ కావాలి. పెద్దదానితో తిప్పితే స్క్రూ తల అరిగిపోయి, ఆ తర్వాత దేవుడు కూడా తీయలేడు. స్క్రూలన్నీ ఒకే పొడవుండవు. తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ మూలది ఆ మూలే టేపుతో అంటించండి. రబ్బరు బుడిపెల కింద ఒకటీ రెండూ దాక్కుని ఉంటాయి, వాటినీ చూడండి. డీవీడీ డ్రైవ్ ఉంటే ముందు దాన్ని లాగేయాలి. మూత అంచు వెంట పాత సిమ్ వచ్చిన ప్లాస్టిక్ కార్డు దూర్చి, మెల్లగా జరుపుతూ పోతే టక్ టక్‌మని క్లిప్పులు ఊడతాయి. ఒకచోట రావడం లేదంటే అక్కడ ఇంకో స్క్రూ ఉందని అర్థం, బలం చూపించకండి. తెరవగానే ఫొటో తీసుకుని, మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. తర్వాత పవర్ బటన్ పావు నిమిషం నొక్కిపట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది. బ్యాటరీ ఉబ్బి కనపడితే పని అక్కడితో ఆపి సర్వీస్ వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. దాన్ని నొక్కడం, గుచ్చడం లాంటి ప్రయోగాలు వద్దు. డిస్కుకి చుట్టూ ఇనప తొడుగు ఉంటుంది, అది విప్పి కొత్త దానికి తొడిగి, సాటా కనెక్టర్‌లోకి సమంగా నెట్టండి. మూత బిగించడం మీకే వస్తుంది.

ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలన్నది తర్వాతి తగాదా. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, దాదాపుగా ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. మీది అంతకంటే పాతదైతే నా ఓటు విండోస్ బదులు ఉచితంగా వేసుకోగలిగే లినక్స్ మింట్‌కి. కానీ ట్యాలీలో లెక్కలు రాసుకునే షాపు మెషీన్‌కో, టెండర్లకి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గుచ్చేవాళ్ళకో, అనూ ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్ళకో ఈ సలహా ఇవ్వను. వాళ్ళ పని విండోస్‌తోనే ముడిపడి ఉంది. సరదా కోసం ఇంకొకరి పొట్ట కొట్టకూడదు.

ఇన్‌స్టాల్ చేయడం ఇప్పుడు పెద్ద విషయం కాదు. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్‌లో వెంటాయ్ (పెన్‌డ్రైవ్ నుంచి మెషీన్‌ని లేపే ఉచిత టూల్) వేసి, మింట్ ఇన్‌స్టాలేషన్ ఉండే ఐఎస్ఓ ఫైల్ అందులోకి కాపీ చేయండి. ఆన్ చేయగానే డెల్, లెనోవోలకి ఎఫ్12, హెచ్‌పీకి ఎస్కేప్ నొక్కి ఎఫ్9 కొడితే దేని నుంచి లేవాలో అడిగే బూట్ మెనూ వస్తుంది, అందులో పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. ఇన్‌స్టాల్ కొట్టే ముందు పెన్‌డ్రైవ్ నుంచే కాసేపు నడిపి వైఫై, సౌండు, కెమెరా చూసుకోండి. వైఫై కనపడకపోతే ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరవండి. బ్రాడ్‌కామ్ చిప్ ఉన్నవాటికి చాలాసార్లు అక్కడే మందు దొరుకుతుంది.

తెలుగు టైపింగ్‌కి టెన్షన్ అక్కర్లేదు. కీబోర్డ్ లేఅవుట్లలో ఇన్‌స్క్రిప్ట్ ఉంది, కగప ఫొనెటిక్ ఉంది. లేఖిని వెబ్‌సైట్లో ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే) పద్ధతి అలవాటైనవాళ్ళు ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే అదే పద్ధతిలో ఏ విండోలోనైనా కొట్టుకోవచ్చు. వర్డ్‌లో చేసిన రెజ్యూమె మింట్‌లోని లిబ్రె ఆఫీస్‌లో తెరిస్తే పేజీలు జరిగిపోయాయని గోల పెట్టకుండా కార్లిటో ఫాంట్ వేయండి. కాలిబ్రి అక్షరాల వెడల్పులే దానివీ. హెచ్‌ఆర్‌కి పంపేది మాత్రం పీడీఎఫ్‌గానే పంపండి.

ఇంట్లో పిల్లలుంటే తర్వాతి ప్రశ్న గేమ్‌లదే. వాలరెంట్ రాదు. ఆటలో మోసాల్ని పట్టే దాని యాంటీచీట్ లినక్స్‌ని లోపలికి రానివ్వదు. స్టీమ్‌లో ఉన్న విండోస్ గేమ్‌లు చాలావరకు ప్రోటాన్ మీద ఆడతాయి, విండోస్ గేమ్‌ని లినక్స్‌లో నడిపించేది అదే. ఏది ఎలా నడుస్తుందో ప్రోటాన్‌డీబీ సైట్లో ఆడినవాళ్ళే రాస్తారు. కాకపోతే పాత ఇంటెల్ గ్రాఫిక్స్‌కి వల్కన్ (ప్రోటాన్ బొమ్మలు గీయడానికి వాడేది) సరిగ్గా ఉండదు, కాబట్టి పెద్ద గేమ్‌ల మీద ఆశ వదులుకోండి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడి పెరిగినవాళ్ళకి జీరో ఏడీ అని ఉచితంగా దొరికేది ఉంది. మౌర్యులు కూడా ఉన్నారు, ఏనుగులతో సహా. ఆదివారం మధ్యాహ్నం మొదలుపెడితే సోమవారం పొద్దుటి స్టాండప్ మీటింగ్‌కి కళ్ళు ఎర్రగా వెళ్తారు, చెప్పలేదనకండి.

బయటికి తీసిన హార్డ్ డిస్కుని వెంటనే ఫార్మాట్ కొట్టకండి. మూడొందలో నాలుగొందలో పెట్టి యూఎస్‌బీ కేసింగ్ కొని అందులో పెట్టండి. నెల గడిచేలోపు ఎవరో ఒకరు "నా ఎస్‌ఎస్‌సీ మెమో అందులోనే ఉండాలే" అంటారు.