ఫైటర్ ఏస్ జీవితం రాయాలనుకుంటే ఇలా చేయండి

ముందు కూల్చిన విమానాల లెక్క పక్కన పెట్టండి. ఐదు శత్రు విమానాలు కూల్చిన పైలట్‌ని ఏస్ అంటారు, సరే, కానీ ఆ అంకెతో మొదలుపెడితే మనిషి కనపడడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏస్ అయిన మన ఇంద్రలాల్ రాయ్ విషయంలో నాకది బాగా అర్థమైంది.

తేదీలన్నీ వరసగా ఒక కాగితం మీద పెట్టండి. 1898 డిసెంబర్ 2న కలకత్తాలో పుట్టాడు, లండన్‌లో సెయింట్ పాల్స్ స్కూల్లో చదివాడు, 1917 ఏప్రిల్‌లో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో, అంటే అప్పటి బ్రిటిష్ సైన్యపు విమాన దళంలో చేరాడు, అక్టోబర్ చివర్లో అందులోని 56వ స్క్వాడ్రన్‌కి (దళానికి) వెళ్లాడు, డిసెంబర్ 6న విమానం కూలి గాయపడ్డాడు. ఆ తర్వాత 1918 జూన్‌లో 40వ స్క్వాడ్రన్‌లో కనపడేదాకా ఖాళీ. ఆ ఖాళీలోనే మనిషి ఉన్నాడు. ఎగరడానికి పనికిరావని చెబితే ఊరుకోలేదు, పట్టుబట్టి ఒప్పించుకుని మళ్లీ వెళ్లాడు, ఈలోపు కూర్చుని విమానాల బొమ్మలు గీశాడు. చనిపోయాడనుకుని శవాల గదిలో పెట్టేశారనే కథ కూడా ఉంది, దాన్ని "అంటారు" అనే రాయండి.

తర్వాత విమానం. అతను నడిపిన ఎస్.ఇ.5ఎ అనే బ్రిటిష్ యుద్ధవిమానం గురించి కచ్చితంగా ఒక పేరా రాయండి. పై రెక్క మీద లూయిస్ గన్ అనే మెషిన్ గన్ ఉండేది, దాని తూటాల డ్రమ్ము అయిపోతే గన్‌ని వంపు తిరిగిన కమ్మీ మీదుగా కిందికి లాగి, కంట్రోల్ స్టిక్‌ని మోకాళ్ల మధ్య బిగించి, ఆ గాలిలో చేత్తో కొత్త డ్రమ్ము ఎక్కించాలి. పారాషూట్ లేదు. ఇది చదివాకే పాఠకుడికి ఆ టెన్షన్ అందుతుంది.

ఇప్పుడు లెక్క. 1918 జూలై 6 నుంచి 19 వరకు పది విజయాలు, అందులో రెండు వేరేవాళ్లతో కలిసి సాధించినవి, 8వ తేదీన ఒక్కరోజే మూడు. కానీ అతనికిచ్చిన డి.ఎఫ్.సి. (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్) పతకం ప్రకటనలో తొమ్మిదనే ఉంటుంది. ఒకటి దాచకండి, రెండూ రాసి ఏది ఎక్కడిదో చెప్పండి. "అదుపు తప్పి పడిపోయింది" అని నమోదైనవి కూడా అప్పట్లో విజయాలే, అదీ చెప్పాలి.

పతకం ప్రకటించింది సెప్టెంబర్‌లో, అతను జూలై 22నే ఫ్రాన్స్‌లో కార్వాన్ అనే ఊరి మీద ఆకాశంలో జరిగిన పోరులో చనిపోయాడు, అప్పటికి 19 ఏళ్లు. కాబట్టి బతికున్న రోజుల్లో పతకాన్ని అతని ఛాతీ మీద పెట్టకండి. సమాధి ఫ్రాన్స్‌లోనే ఎస్టెవెల్‌లో ఉంది, రాయి మీద బెంగాలీలో కూడా రాసి ఉంటుంది: మహావీరుని సమాధి, గౌరవించండి, తాకకండి.