ధవళేశ్వరం చూడాలంటే రాయి వెళ్లిన దారిన నడవండి

మా ధవళేశ్వరం వచ్చే చుట్టాలు బ్యారేజీ మీద ఆటో ఆపి, కాటన్ దొర విగ్రహం దగ్గర ఫొటో దిగి, పులస దొరుకుతుందా అని అడిగి వెళ్లిపోతారు. ఇది ఒకప్పుడు ఏటి ఒడ్డున వెలిసిన కార్ఖానాల ఊరని వాళ్లకి తెలియనే తెలియదు. అందుకే నా చేతికి చిక్కినవాళ్లని, కాటన్ పాత ఆనకట్టకి కొండ నుంచి ఏటికి రాయి వెళ్లిన దారిన తిప్పుతాను.

రాజమండ్రి కోటిపల్లి బస్టాండ్ దగ్గర షేర్ ఆటో ఎక్కి, ఆరున్నరకల్లా ఊళ్లో దిగండి. ముందు జనార్దనస్వామి కొండ ఎక్కండి. దర్శనమయ్యాక ఏటి వైపు తిరిగి నిలబడితే, ఆనకట్ట ఇక్కడే ఎందుకు కట్టారో తెలుస్తుంది. గోదావరి ఇక్కడ లంకల మధ్య పాయలుగా చీలి, బాగా వెడల్పుగా పారుతుంది. అడుగున అంతా ఇసుక. ఇసుకలో పునాది నిలపడం కావేరి మీద కల్లణై అనే పురాతన ఆనకట్ట కట్టిన పాతవాళ్ల పని చూసే నేర్చుకున్నామని కాటన్ ఒప్పుకున్నాడు. అలాంటి పునాదికి రాయి గుట్టలుగా పొయ్యాలి. ఆ రాయి ఈ కొండల్లోనే ఉంది. 1847లో మొదలెట్టి 1852కల్లా ముగించారంటే సగం పుణ్యం కొండదే. మిగతాది వేల మంది కూలీలదీ, కాటన్‌కి కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్నదీ.

కొండ దిగి ఏటి వైపు నడవండి. రాయి మోయడానికి అప్పట్లో ఇక్కడ ఇనప పట్టాలు వేశారు. బొంబాయి–ఠాణే రైలు నడిచింది 1853లో. అంతకుముందే మా ఊళ్లో బళ్లు పట్టాల మీద దొర్లాయి! ఆ పట్టాల ఆనవాలు కోసం నేనూ మా బావమరిదీ ఓ మే నెల మిట్టమధ్యాహ్నం గట్టంతా గాలించాం. వడదెబ్బ తప్ప ఏమీ దొరకలేదు. మీరు వెతక్కండి.

కాటన్ మ్యూజియంలో గదులు త్వరగా చూసేసి, బయట పెట్టిన పాత యంత్రాల దగ్గర కాసేపు ఆగండి. ఆనకట్టతో పాటే ఇక్కడ వర్క్‌షాపులు వెలిశాయి. కమ్మరి పనీ వడ్రంగి పనీ ఊరికి కూడు పెట్టాయి. ఇక 1982లో పూర్తయిన ఇప్పటి బ్యారేజీకి నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లు. వరదల రోజుల్లో వస్తే ముందు నీటిమట్టం కనుక్కోండి. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పుడు రేవుల్లోకి దిగొద్దు.

లాకులు, అంటే పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే తలుపుల కట్టడాలు, మాత్రం చివరికి ఉంచుకోండి. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేసినప్పుడు వస్తే అడుగున ఉన్న రాతికట్టు దాకా కనిపిస్తుంది. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసేవారు. ముందున్న కాలువ మట్టానికి నీళ్లు సరిపడ్డాక ముందు తలుపులు తెరిచేవారు. కాకినాడ కాలువ మీద మా తాత పడవ నడిపే సరంగు. గాలి లేని రోజుల్లో గట్టు మీద తాడు పట్టి లాగేవారట. లాకు దగ్గర వంతు కోసం ఆగినప్పుడే పొయ్యి వెలిగించేవారు. అన్నం ఉడికేదాకా లాకు కాసే లస్కరు తలుపులు తియ్యకుండా ఉంటే బావుణ్ణని దణ్ణం పెట్టుకునేవాడట తాత.