లోడు లాగే డీజిల్ బండి: డెల్టాలో ముందు చూడాల్సింది నీళ్లు

గోదావరి డెల్టాలో ఘాట్ రోడ్లు లేవు. లోడు పికప్ ముక్కుతూ ఎక్కాల్సిన చోట్లు వంతెనల ఎత్తు, చెరువు గట్ల మలుపులు, నరసాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్లే పంటు (బళ్లను ఏరు దాటించే పడవ) దిగాక వచ్చే రేవు వాలు, అంతే. అయినా ‘బండి లాగట్లేదు’ అన్న మాట ఇక్కడా రోజూ వినపడుతుంది. వెంటనే పంపులో డీజిల్ పెంచమని షెడ్డుకు తోలకండి. ముందు బండిలోకి నీళ్లు ఎక్కడ చేరుతున్నాయో చూడండి.

మొదట డీజిల్. కామన్ రైల్ ఇంజిన్లో, అంటే అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే రకంలో, పంపు డీజిల్‌ను వెయ్యి బార్లు దాటిన ఒత్తిడికి తీసుకెళ్తుంది. ఆ పంపుకూ, డీజిల్‌ను సిలిండర్లోకి చిమ్మే ఇంజెక్టర్లకూ వేరే ఆయిల్ ఉండదు, లోపల జారుడు ఇచ్చేది డీజిలే. అందులో నీళ్లు కలిస్తే జారుడు పోయి గీతలు పడతాయి, తుప్పు మొదలవుతుంది. డీజిల్ ఫిల్టర్ దగ్గర నీళ్లు పట్టే సెపరేటర్లో నీళ్లు తీయడానికి సరైన సమయం తెల్లవారి, సెల్ఫ్ కొట్టకముందు. రాత్రంతా బండి కదలదు కాబట్టి నీళ్లు అడుక్కి దిగి ఉంటాయి. ఫిల్టర్ కింద గాజు సీసా పెట్టి డ్రెయిన్ ప్లగ్గు కొద్దిగా వదులు చేసి, ప్రైమర్ (డీజిల్ ఎక్కించే చేతి పంపు) నొక్కుతూ సుమారు 100 మి.లీ. దించండి. సీసాను రెండు నిమిషాలు కదపకుండా ఉంచితే నీళ్లు కింద, డీజిల్ పైన విడిపోయి మధ్యలో గీత కనిపిస్తుంది. ప్లగ్గు బిగించి, ప్రైమర్ గట్టిపడేదాకా నొక్కి స్టార్ట్ చేయండి. మామూలు రోజుల్లో వారానికోసారి, వానల్లో మూడు రోజులకోసారి చాలు. వరసగా రెండుసార్లు నీళ్లు ఎక్కువగా వస్తే ట్యాంకే దించి కడగాలి. డ్యాష్‌బోర్డులో నీటి లైటు వెలిగితే ‘ఈ ట్రిప్పు అయ్యాక చూద్దాం’ అనుకోవద్దు. నీళ్లు తీయడం పది నిమిషాల పని, ఇంజెక్టర్లు మార్చడం అలాంటిది కాదు.

ట్యాంకు సాయంత్రమే నింపండి. ఖాళీ జాగాలో ఉండే తేమగాలి రాత్రి చల్లబడి నీటిబొట్లుగా దిగుతుంది. చెరువు గట్టు మీద జనరేటర్ కోసం డ్రమ్ముల్లో ఉంచిన డీజిల్ మాత్రం పికప్‌లో పోయకండి. డ్రమ్ము మూత మీద నిలిచిన వాన నీళ్లు లోపలికి ఇంకుతాయి. కొత్త ఫిల్టర్‌ను డబ్బాలోని డీజిల్‌తో ముందే నింపడం కూడా తప్పే. ఆ డీజిల్ వడకట్టకుండా నేరుగా పంపుకు పోతుంది. ఖాళీగా బిగించి ప్రైమర్‌తోనే నింపాలి.

తర్వాత గాలి. దాళ్వా (రెండో పంట వరి) కోతల్లో కల్లాల చుట్టూ తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ వారానికోసారి విప్పి చూడాలి. కంప్రెసర్ గాలి లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో కొట్టండి. బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగబడుతుంది. నల్ల పొగ, దానితో పాటు లాగుడు తగ్గిందంటే గాలిని నెట్టే టర్బో నుంచి ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు పోయే గొట్టాలు తడిమి చూడండి. క్లిప్పు దగ్గర ఆయిల్ మరక మీద దుమ్ము అట్టకట్టి ఉంటే గాలి అక్కడే పోతోంది. నీలం పొగ ఆయిల్ కాలుతోందని చెబుతుంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే ఇంజెక్టరో హెడ్ గాస్కెట్టో చూడాలి.

ఈ పొగ సంగతి తేలకుండా పంపులో డీజిల్ పెంచినా, ఇంజిన్ కంప్యూటర్లో డీజిల్ లెక్క (మ్యాప్) మార్చినా బలం రాదు. గాలి చాలకుండా డీజిల్ ఎక్కువైతే మసి, వేడి పెరుగుతాయి. ఆ వేడికి ముందు దెబ్బతినేవి టర్బో, పిస్టన్లు. డెల్టా బళ్లకు ఆ పని అవసరమే లేదు. గేరు ఒకటి తగ్గిస్తే చాలు. గట్టు మీద మూడో గేరులో ఇంజిన్ గుద్దుకుంటూ నడిస్తే యాక్సిలరేటర్ అణచకండి, రెండో గేరుకు రండి.

రేడియేటర్లో బోరు నీళ్లు పోయకండి. తీర మండలాల్లో చాలా బోర్లు ఉప్పు, ఆ ఉప్పు లోపల పొరకట్టి గొట్టాలు మూసేస్తుంది. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. ఇంటర్‌కూలర్, రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న ఊక, గడ్డి ఇంజిన్ వైపు నుంచి మామూలు పైపు నీళ్లతో కడగండి. లోడుతో వచ్చి ఆగాక ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్ అలాగే వదిలి అప్పుడు ఆపండి. వెంటనే ఆపితే టర్బో బేరింగ్ దగ్గర ఆయిల్ మాడిపోతుంది.

2020 ఏప్రిల్ తర్వాతి, బీఎస్‌6 పొగ నిబంధనల బండి ఊరు, చెరువుల మధ్యే తిరిగితే పొగ ఫిల్టర్లో మసి నిండుతుంది. దాని లైటు వెలిగితే 216 జాతీయ రహదారి ఎక్కి 20 నిమిషాలు ఆగకుండా, స్థిరమైన వేగంతో నడిపితే చాలావరకు దానంతటదే కాలిపోతుంది. ఆయిల్ మాత్రం పుస్తకంలో రాసిన గ్రేడే పోయాలి.

ఇక లాగడం. క్లచ్ చూడ్డానికి చదునైన చోట హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, నాలుగో గేరు వేసి, కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ వదలండి. ఇంజిన్ వెంటనే ఆగితే బాగున్నట్టు. ఇంకా తిరుగుతుంటే ప్లేటు జారుతోంది, పదేపదే పరీక్షించి దాన్ని కాల్చొద్దు. రెండు చక్రాల ట్రాలీ తగిలిస్తే ట్రాలీ మొత్తం బరువులో సుమారు పదో వంతు హుక్కు మీద పడాలి. బరువు వెనక్కి పోతే బండి తోక ఊపుతుంది. ఆగిపోయిన బండిని తాడుతో లాగేటప్పుడు తాడు నాలుగైదు మీటర్లు, వేగం 20 కి.మీ. లోపే. కొక్కెం ఛాసిస్‌కే వేయాలి, బంపర్‌కు కాదు. నల్లరేగడి బురదలో దిగబడ్డ బండిని కుదుపుతో లాగితే వెనక చక్రాలకు బలం అందించే షాఫ్టు క్రాస్‌లు (కీళ్లు) తెగుతాయి. తాడు బిగిసేదాకా మెల్లగా కదిలి, అప్పుడు బలం ఇవ్వండి.

రొయ్యల ట్రేల నుంచి కారే ఉప్పునీళ్లు కమాన్ పట్టీల (బరువు మోసే స్ప్రింగు పట్టీల) మధ్య చేరి తుప్పు పట్టిస్తాయి. లోడు దించిన రోజే మంచినీళ్లతో కింద భాగం కడగండి. నెలకోసారి ఆ పట్టీలను ఇరుసుకు కట్టే యూ బోల్టులు బిగించి, క్రాస్‌లకు గ్రీజు కొట్టి, ఛాసిస్ ఎర్త్ వైరు విప్పి గరుకు కాగితంతో రుద్దండి. సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే బ్యాటరీ మార్చేముందు ఆ వైరే చూడాలి.

పరుగెత్తి వేడెక్కిన బండిని నేరుగా వరద నీళ్లలోకి దించితే వెనక హౌసింగ్ (వెనక ఇరుసు గేర్ల డబ్బా) ఒక్కసారి చల్లబడి నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు అందులోని క్రౌన్ ఆయిల్ చూడండి, పాలలా మారితే పూర్తిగా మార్చాలి. నీళ్లలో ఇంజిన్ ఆగిపోయి ఎయిర్ ఫిల్టర్ తడిసి ఉంటే సెల్ఫ్ అస్సలు కొట్టొద్దు. సిలిండర్లోకి చేరిన నీళ్లు అణగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండిని తోసి ఒడ్డుకు చేర్చి, ఇంజెక్టర్లు విప్పించి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి నీళ్లు బయటికి వచ్చాకే మిగతా పని.