పత్రాల సమన్లకు అభ్యంతరం చెప్పడం – 4వ పాఠం: జాబితాను విడదీయడం

పోయిన పాఠంలో సమన్లలో అడిగిన పత్రాలన్నీ వరుసగా ఒక కాగితం మీద రాసుకున్నాం. ఆ కాగితం ముందు పెట్టుకోండి.

ఒక కేసు ఊహించుకుందాం. 2019లో భార్యాభర్తలిద్దరి పేరున మధురవాడలో ఫ్లాట్ కొన్నారు. ఇప్పుడు విశాఖ ఫ్యామిలీ కోర్టులో విడాకులు, ఫ్లాట్‌లో వాటా తగాదా. కేసు వేసిన భర్త (పిటిషనరు) కోరిక మీద, గాజువాకలో హార్డ్‌వేర్ షాపున్న భార్య అన్నయ్యకు సమన్లు వచ్చాయి. చెల్లెలికిచ్చిన డబ్బు లెక్కలు, 2010 నుంచి షాపు బ్యాంకు స్టేట్‌మెంట్లు, తల్లి పేరున ఉన్న ఇంటి దస్తావేజు తెమ్మన్నారు.

"కేసులో నేను లేను కదా, ఎందుకు వెళ్లాలి?" అంటాడు అన్నయ్య. ఈ మాట కొంప ముంచుతుంది. రాకపోతే వారెంటు దాకా పోవచ్చు. భారతీయ సాక్ష్య అధినియం (ఇప్పటి సాక్ష్యపు చట్టం) 165వ సెక్షన్ ప్రకారం అభ్యంతరం ఉన్నా, దగ్గరున్న పత్రం కోర్టుకు తేవాల్సిందే. అభ్యంతరం నిలుస్తుందో లేదో జడ్జి గారు తేలుస్తారు. అందుకే పత్రాలు సీలు కవర్లో, అభ్యంతరాల మెమో (అభ్యంతరాలు రాసి కోర్టుకిచ్చే కాగితం) పైన. పత్రాలకు మాత్రమే పిలిస్తే వేరే మనిషి చేత పంపినా చాలు.

ఇప్పుడు విడదీద్దాం. చెల్లెలికిచ్చిన డబ్బు ఫ్లాట్‌కు చేరి ఉండొచ్చు, కాబట్టి ఆ లెక్క ఇచ్చేయాలి. తల్లి ఇల్లు ఈ దంపతులది కాదు, గట్టిగా కాదనండి. అసలు పని బ్యాంకు స్టేట్‌మెంట్ల దగ్గరే. "సంబంధం లేదు" అని ఊరుకుంటే నిలవదు. ఇలా రాయండి:

"2వ అంశం: 2010–2017 లావాదేవీలకు 2019 కొనుగోలుతో ఉన్న సంబంధం పిటిషనరు చూపలేదు. ఇస్తే మా షాపు ఖాతాదారుల వివరాలు బయటపడతాయి. 2018, 2019లో నా చెల్లెలి ఖాతాకు వెళ్లిన ఎంట్రీల సర్టిఫైడ్ కాపీలు ఇస్తాను."

చివరి వాక్యం చూశారా? కాదన్నచోటే ఎంతవరకు ఇస్తామో చెప్పింది. ఏదీ ఇవ్వనన్న వాళ్లను కోర్టు అనుమానంగా చూస్తుంది. ఇలాంటి చెల్లెళ్ల కేసులు అలా దెబ్బతినడం నాకు బాధ.

"ఇది సాక్ష్యంగా చెల్లదు" అనే అభ్యంతరం మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షన్ కింద, సాక్ష్యపు చట్టం ఒప్పుకోని పత్రాన్నీ కోర్టు తీసుకోవచ్చు. భార్యాభర్తలు ఇద్దరూ సొంత ఆదాయం దాచడానికీ ఈ పద్ధతి పనికిరాదు. భరణం అడిగిన కేసుల్లో ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలని 2020 నవంబరులో రజనేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మీ జాబితాలో ఒక్క అంశానికి పై నమూనాలో మూడు వాక్యాలు రాసి ఉంచుకోండి. 5వ పాఠంలో వాటిని మెమోలోకి ఎక్కిద్దాం.